ముందు బీజం అన్న మాట కొట్టెయ్యి

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం అంది పది రోజులైంది. మొదటిసారి చదివి పక్కన పడేశాను. ఎందుకో చెప్తాను. పదకొండు పేజీల్లో 'బీజం' అన్న మాట తొమ్మిది చోట్ల వాడావు. ఆధునిక గ్రీకు కళాకారుల్లో ఎవరిని ముట్టుకున్నా తొలి పనిలో బీజం, మలి పనిలో వృక్షం. తొమ్మిదోది వచ్చేసరికి నాకు బీపీ పెరిగింది.

నిన్న మళ్ళీ తీశాను. ఏడో పేజీలో నువ్వు గీత పెట్టి కొట్టేసిన వాక్యం ఒకటి కనపడింది: 'తల్లి పోయాక మళ్ళీ మట్టి ముట్టుకున్నాడు.' ఈ ఉత్తరం ఆ వాక్యం కోసమే.

ముందు బీజం సంగతి తేల్చుకుందాం. గ్రీసులో పుట్టిన చిత్రకారుడు కునెల్లిస్ రోమ్ వెళ్ళిన కొత్తలో అక్షరాలు, అంకెలు, బాణం గుర్తులు పెయింట్ చేశాడు. 1969లో అదే రోమ్‌లో ఒక గ్యాలరీలోకి బతికున్న గుర్రాలను పన్నెండింటిని తెచ్చి, అదే ప్రదర్శన అని కట్టేశాడు. ఆ అక్షరాల్లో నీకు గుర్రాలు కనపడ్డాయా? 1960లో వాటి ముందు నిలబడ్డవాడికి ఒక్క డెక్క చప్పుడైనా వినపడి ఉంటుందా? పెళ్ళయ్యాక జాతకాలు కలిశాయని చెప్పడం ఎవరికైనా వచ్చు.

నా సంగతి చెప్తాను విను. నా మొదటి కథ ఒక వారపత్రికలో అచ్చయినప్పుడు చివరి అర పేజీ లేదు. అడగడానికి ఆఫీసుకి వెళ్తే, "సబ్బు ప్రకటన వచ్చిందండీ, చోటు చాల్లేదు" అన్నాడు ఎడిటరు, కనీసం తల ఎత్తకుండా. ముప్పై ఏళ్ళ తర్వాత నా కథల సంపుటికి ముందుమాట రాసిన పెద్దమనిషి ఒకాయన, కథను గాల్లో వదిలేసే నా ముద్ర తొలి కథలోనే ఉందని మురిసిపోయాడు. ఆ ముద్ర సబ్బు కంపెనీది! అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ తెగిన చివర చూసి మొదట ఏడ్చాను గానీ, నెల తిరిగేసరికి అది నాకు నచ్చింది. తర్వాత కథలకు ఆ చివరి అర పేజీ నేనే కోసేస్తూ వచ్చాను. ఇది బీజమా కాదా అన్నది నువ్వే తేల్చుకో. ఆ ఎడిటర్ని మాత్రం నేనింకా క్షమించలేదు.

తొలి పనిలో శైలి కోసం వెతక్కు. మనిషిని వదలని గొడవ ఏదో వెతుకు. నలభై ఏళ్ళుగా ఇదే చెప్తున్నాను, ఎవరూ వినరు.

ఇక నువ్వు కొట్టేసిన వాక్యంలోని మనిషి, శిల్పి హాలెపాస్. ఆయన్ని నువ్వు రెండు పేరాల్లో దాటేశావు. గ్రీసులో టీనోస్ దీవి, అందులో పిర్గోస్ అనే ఊరు, పాలరాయి చెక్కే కుటుంబం, పుట్టింది 1851లో. అక్కడి మేరీమాత చర్చి స్కాలర్‌షిప్పుతో మ్యూనిక్‌లో చదివాడు. 1877లో, ఇరవై ఆరేళ్ళ వయసులో, సాటిర్ అనే అడవిదేవుడు ద్రాక్షగుత్తి పైకెత్తి పట్టుకుని పసివాడైన ప్రేమదేవుడు ఎరోస్‌ని ఊరిస్తున్న శిల్పం చెక్కాడు. నేను ఫొటోల్లోనే చూశాను. పాలరాయి వెన్నలా ఉంటుంది. ఆ వెంటనే ఏథెన్స్ శ్మశానంలో ఒకమ్మాయి సమాధి మీద 'నిద్రపోతున్న యువతి'. అంతలోనే మనసు చెదిరింది. చేసినవి తనే పగలగొట్టుకున్నాడు. 1888 నుంచి 1902 వరకు కోర్ఫు దీవిలో పిచ్చాసుపత్రి. ఇంటికి తెచ్చాక, కొడుక్కి పిచ్చెక్కింది ఈ బొమ్మల వల్లేనని తల్లి నమ్మింది. చేసింది చేసినట్టే పగలగొట్టేది. ఆయన గొర్రెలు కాసుకున్నాడు. 1916లో ఆవిడ పోయింది.

ఆ తర్వాత అరవై దాటిన ఆ మనిషి మట్టి ముందు కూర్చుని ఏం చేశాడు? మళ్ళీ ఆ సాటిరే, మళ్ళీ ఆ ఎరోసే. నునుపు మాత్రం లేదు. వేలి ముద్రలు, గరుకు, విరిగిపోతాయేమో అనిపించే ఆకారాలు. శైలిలో అంటే 1877 నాటి సాటిర్‌కీ వీటికీ బీరకాయ పీచు చుట్టరికం కూడా కనపడదు. పెద్దవాడు, ఊరింపు, అందక చాచిన చిన్న చెయ్యి, అవే ఉన్నాయి. మెదేయాని కూడా మళ్ళీ మళ్ళీ చేశాడు. గ్రీకు పురాణాల్లో పిల్లల్ని చంపుకున్న తల్లి! ఆయన ఇంట్లో ఏం జరిగిందో తెలిసినవాళ్ళకి నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

నువ్వు ఆయన్ని 'తొలి దశ', 'మలి దశ' అని రెండు ముక్కలు చేసి, మధ్య నలభై ఏళ్ళ చీకటిని 'అనారోగ్యం కారణంగా' అన్న రెండు మాటల్లో సర్దేశావు. ఇప్పుడంతా ఇదే ఫ్యాషన్. దశలు, పరిణామం, ప్రస్థానం. మనిషేదో ఆర్టీసీ బస్సైనట్టు.

చిత్రకారుడు మొరాలిస్ మీద రాసిన పేజీ బాగుంది. ఆయన కుర్రతనపు పోర్ట్రెయిట్లలో మనుషులు సమాధి రాళ్ళ మీద బొమ్మల్లా బిగుసుకుని కూర్చుంటారని నువ్వన్నది నేను గమనించలేదు. తర్వాత ఆయన సమాధి చిత్రాల వరసే గీశాడు కదా, అక్కడ నీ మాట నిలబడింది. ఇంకో చిత్రకారుడు త్సారూహిస్ దగ్గర మాత్రం తొందరపడ్డావు. ఆయన కోన్టోగ్లూ అనే చిత్రకారుడి దగ్గర శిష్యరికం చేస్తూ పాత చర్చి బొమ్మల పద్ధతి నేర్చుకున్నాడు. తర్వాత గీసిన నావికుల బొమ్మల్లో ఆ గీత, ఆ చదును రంగు కనపడతాయి. దాన్ని బీజం అనకు, చేతి అలవాటు అను. వంటవాడు ఏ ఇంట్లో వండినా తాలింపు మారదు.

పుస్తకంగా ఎవరు వేస్తారు, ఇంగ్లీషులో రాస్తే మంచిదా అని అడిగావు. వాటికింకా టైముంది.

ఏడో పేజీ మళ్ళీ రాసి పంపు. ఫెయిర్ కాపీ వద్దు, కొట్టివేతలతోనే పంపు. ఆ వాక్యం ఎందుకు కొట్టేశావో కూడా రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు