అటక మీది పూలకూజా: అరవై వేలకు అమ్మాలా?

ప్రశ్న: మాది వనపర్తి. మా మామగారి తండ్రి సంస్థానంలో గుమాస్తా. ఆయనకు బహుమతిగా వచ్చిన పింగాణీ పూలకూజా అటక మీద ఉంది. మంచు కొండల్లో జూలు పశువుల బొమ్మ, మూలన జాన్ స్టింటన్ సంతకం, అడుగున కిరీటం గుర్తు, దాని చుట్టూ పన్నెండు చుక్కలు. హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి అరవై వేలు ఇస్తానన్నారు. జూన్‌లో అమ్మాయి బీటెక్ ఫీజు కట్టాలి. ఇలాంటివి ఇంకా కొంటే భూమిలా విలువ పెరుగుతుందని మా మరిది అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ ఒకాయనకు ఇంకా మాట ఇవ్వకండి. మీరు లెక్కపెట్టిన చుక్కలే సగం సంగతి చెబుతున్నాయి. ఆ కిరీటం ఇంగ్లండ్‌లోని రాయల్ వూస్టర్ కార్ఖానాదైతే, వాళ్లు 1892 నుంచి ఏటా ఒక చుక్క చేరుస్తూ వచ్చారు. పన్నెండంటే 1903. స్టింటన్ అక్కడ హైలాండ్ పశువుల (స్కాట్లండ్ కొండల్లోని జూలు పశువులు) బొమ్మలకు పేరుమోసిన చిత్రకారుడు. కొడుకు హ్యారీ కూడా అదే దారి పట్టాడు. ధర పలికేది ఆ చేతిపనికే, పాతదనానికి కాదు. మా ఇంట్లోనూ ముత్తవ్వ నాటి జాడీ ఉంది, ఆవకాయకు తప్ప దేనికీ పనికిరాదు.

అసలుదో కాదో తేలాలి. పగటి వెలుతురులో భూతద్దంతో పశువు జూలు చూడండి. అచ్చుబొమ్మ అయితే రంగు సన్నని చుక్కలుగా విడిపోతుంది. కుంచె గీత అయితే మొదట్లో చిక్కగా, చివర పలుచగా సాగుతుంది. గోటితో మెల్లగా మీటండి. బొంగురుగా పలికితే ఎక్కడో నెర్రె ఉన్నట్టే, ధర బాగా పడిపోతుంది. బంగారు పూత మీద పీచు పెట్టకండి. వీలైతే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా పింగాణీ ముందు ఒక పూట గడపండి, కన్ను అలవాటు పడుతుంది. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు వేలందారులకు ఫొటోలు పంపి, కమీషన్ ఎంతో ముందే అడగండి.

లండన్ ధరలు చూసి ఆశపడవద్దు. వందేళ్లు దాటిన కళావస్తువును 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం మీరు దేశం దాటించకూడదు. కొనేవాళ్లు ఇక్కడే దొరకాలి. పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. ఆ ఒకాయనను తన లైసెన్సు చూపించమనండి.

అమ్మితే వచ్చే లాభంపై ఆదాయపన్ను ఉంటుంది; కళాఖండానికి ఇంటి సామాన్ల పన్ను మినహాయింపు వర్తించదు. 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకుని, మిగిలిన లాభంపై 12.5 శాతం పన్ను, ఆపైన సెస్సు. ఆనాటి విలువకు మదింపుదారు ధ్రువపత్రం తీసుకోండి.

వేలం జూన్‌లోగా తేలుతుందన్న నమ్మకం లేదు. ఫీజుకు విద్యారుణం దరఖాస్తు ఇప్పుడే పెట్టండి. ఇంకా కొనడం మాత్రం వద్దు. భూమిని కౌలుకిస్తే నాలుగు గింజలైనా వస్తాయి, కూజా ఏమిస్తుంది?

అన్నట్టు, అది మీ మామగారి తండ్రి సొత్తు. పంపకాలు కాకపోతే అందులో మీ మరిదికీ వాటా ఉంటుంది. అమ్మేముందు వారసులందరి సంతకాలతో కాగితం రాయించుకోండి.