అన్నం మానేశారు సరే, ఆ నాలుగు చపాతీల సంగతేంటి?

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే, మాది గాజువాక. మా ఆయనకి 47 ఏళ్లు, షిఫ్ట్ డ్యూటీ, ఐదేళ్లుగా షుగర్ ఉంది, గ్లిమిపిరైడ్ మెట్‌ఫార్మిన్ కలిపిన బిళ్ల వేసుకుంటారు. ఫోన్లో వీడియోలు చూసి రెండు నెలల కింద అన్నం మానేశారు. మొదటి పది రోజులు మధ్యాహ్నం ఉడకబెట్టిన గుడ్లు, కీరా ముక్కలే. మూడు కేజీలు తగ్గారు, ఆనందం పట్టలేకపోయారు, కానీ ఒకరోజు బి షిఫ్ట్‌లో ఒళ్లంతా చెమటలు పట్టి చేతులు వణికిపోయాయంట. భయపడి ఇప్పుడు మధ్యాహ్నం నాలుగు చపాతీలు, రాత్రి కంచం నిండా కొర్రన్నం తింటున్నారు, బరువేమో మళ్లీ వచ్చేసింది. మా అత్తగారు "అన్నం తినకపోతే సత్తువెలాగొస్తాది" అని రోజూ గొడవ. మా తోటికోడలి తమ్ముడేమో కొబ్బరినూనె తాగి కీటో (పిండిపదార్థం దాదాపు మానేసి కొవ్వు ఎక్కువ తినే పద్ధతి) చెయ్యమంటున్నాడు. ఎవరి మాట వినాలండీ?

జవాబు: ముందు ఆ వణుకు సంగతి చూద్దాం అమ్మా, మిగతావి తర్వాత. అది షుగర్ పడిపోవడంలాగే ఉంది. గ్లిమిపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి తోస్తుంది, మరి లోపలికి గుడ్డు, కీరా తప్ప ఏమీ పోకపోతే షుగర్ కిందికి జారిపోదా. తిండి తగ్గించేటప్పుడు బిళ్ల డోసు కూడా డాక్టరుగారితో మాట్లాడి మార్చుకోవాలి, ఈ ముక్క వీడియోలవాళ్లు చివర్లో గబగబా చెప్పేస్తారు, చాలామంది అసలు చెప్పరు. మళ్లీ అలా అయితే వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మిషన్‌తో చూడండి, 70 లోపే ఉంటే ఇంకోసారి ఇవ్వండి. ఆయన జేబులో గ్లూకోజ్ ప్యాకెట్ ఉండాలి, డ్యూటీలో పక్కన పనిచేసేవాళ్లకీ ఈ సంగతి తెలిసుండాలి.

ఇక మూడు కేజీలు. అందులో ఎక్కువ నీళ్లేనండీ. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం నిల్వ, అదే గ్లైకోజెన్, గ్రాముకి సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకునుంటుంది, పిండిపదార్థం ఆపగానే రెండూ పోతాయి, మళ్లీ తినగానే రెండూ వస్తాయి, కాటా చూసుకుని మురిసిపోయేది ఇక్కడే.

చపాతీల దగ్గరికొద్దాం. వంద గ్రాముల పచ్చి బియ్యంలో 78 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటే గోధుమపిండిలో 64, కొర్రల్లో 60 పైచిలుకు. తేడా ఉంది గానీ కంచం నిండా పెట్టుకునేంత తేడా కాదు. చపాతీకి 30 గ్రాముల పిండి వేసుకోండి, నాలుగంటే దాదాపు 77 గ్రాముల పిండిపదార్థం, అంటే వంద గ్రాముల బియ్యం వండుకు తిన్నట్టే. ఆయన అన్నం మానలేదు తల్లీ, అన్నాన్ని గుండ్రంగా ఒత్తించుకుని తింటున్నారు! పొద్దున్న ఇడ్లీ మీరు రాయలేదు గానీ తింటూనే ఉంటారు కదా, గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ పోస్తాం, ఆ రవ్వ బియ్యం కాదా. షిఫ్ట్‌లో నాలుగు టీలు, టీకి రెండు చెంచాల పంచదార, అదీ కలపండి.

మీ అత్తగారి మాట తీసిపారెయ్యకండి, కానీ ఆవిడ్ని ఒకటి అడగండి, వాళ్లమ్మగారు ఏం తినేవారో. మన ఉత్తరాంధ్ర మెట్ట ఊళ్లల్లో చోడి (రాగి) అంబలి, గంటెలన్నం (సజ్జన్నం) తిని పొలానికి పోయినవాళ్లే ఎక్కువ, వరన్నం పండక్కే. 1983లో రామారావుగారి కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదింట్లో కూడా మూడు పూటలా అన్నం ఉడికింది, అది మంచే, ఆకలి తీరింది. తర్వాత పొలం పని పోయి కుర్చీ వచ్చింది, కంచంలో గుట్ట మాత్రం తగ్గలేదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజు శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దంది, మనవాళ్లకి 50 నుంచి 70 దాకా అక్కణ్నుంచే వస్తోందట.

కీటో కొత్తదేం కాదు, 1921లో అమెరికాలో మూర్ఛ రోగుల కోసం మొదలైంది. షుగర్‌కి కొందరిలో కొన్నాళ్లు బాగానే పనిచేస్తుంది, కాదనను. కానీ నూనె గ్రాముకి తొమ్మిది కేలరీలు, పిండిపదార్థం నాలుగే. పైగా పేరు చివర గ్లిఫ్లోజిన్ అని వచ్చే షుగర్ బిళ్లలు వేసుకునేవాళ్లు కీటో చేస్తే, షుగర్ నార్మల్‌గా కనిపిస్తూనే రక్తం ఆమ్లంగా మారి ప్రాణం మీదికి రావచ్చు. మీ తోటికోడలి తమ్ముడికీ షుగర్ ఉంటే ఏం బిళ్లలు వేసుకుంటున్నాడో కనుక్కోండి ఓసారి. 2018లో అమెరికాలో 609 మందిని రెండుగా చేసి ఏడాది చూశారు, కొవ్వు తగ్గించినవాళ్లు ఐదు కేజీల పైన, పిండి తగ్గించినవాళ్లు ఆరు కేజీలు తగ్గారు, అది చెప్పుకోదగ్గ తేడా కాదని తేల్చారు.

నేనైతే ఏం చేస్తానంటే, అన్నం తిరిగి పెడతాను. పొయ్యి మీదున్న గిన్నెలోంచి కాదు, చిన్న స్టీలు గిన్నెలో తీసి, ఆ ఒక్క గిన్నే. దానికంటే ముందు కంచంలో బెండకాయో ఆనపకాయో కూర, ముద్దపప్పో గుడ్డో, ఆదివారం హార్బర్ నించి తెచ్చిన నెత్తళ్లో వంజరమో, అవి సగం తిన్నాక అన్నం. ఇలా వరస మార్చినా తిన్న తర్వాత షుగర్ ఎగరడం తగ్గుతుంది. బంగాళాదుంప వేపుడు కూరగాయ లెక్కలోకి రాదు, మీ ఆయన తప్పకుండా అడుగుతారు అందుకే ముందే రాస్తున్నా. చపాతీ తింటే అన్నం లేదు, అన్నం తింటే చపాతీ లేదు. వారంలో రెండు మూడు రోజులు మధ్యాహ్నం తిన్న రెండు గంటలకి మిషన్ పెట్టి చూసి నోట్‌బుక్‌లో రాయండి. మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించి ఆ పుస్తకం డాక్టరుగారి ముందు పెడితే బిళ్ల సంగతి ఆయన చూసుకుంటారు.

ప్రశ్న: చద్దన్నంలో షుగర్ ఉండదట కదా? – హాస్టల్ కుర్రాడు, ఎంవీపీ కాలనీ

జవాబు: ఉంటుంది బాబూ. చల్లారిన అన్నంలో పిండి కొంత గట్టిపడి అంత తేలిగ్గా అరగదు, అందుకని షుగర్ కాస్త నిదానంగా ఎక్కుతుంది, అంతే. మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేసుకుని హాయిగా తిను. అయితే వైజాగ్ ఉక్కపోతలో రాత్రంతా బయట వదిలేసింది మాత్రం వద్దు, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టుకో.