డాబా టైల్స్ కింద ఇన్సులేషన్ ఉందో లేదో తేల్చేదెలా?

ప్రశ్న: మియాపూర్‌లో రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) నమోదు ఉన్న అపార్ట్‌మెంట్‌లో మాది పై అంతస్తు ఫ్లాట్. 2022 ఆగస్టులో అప్పగించారు. డాబా మీద 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి నురుగు) ఇన్సులేషన్ షీట్లు వేస్తామని సేల్ అగ్రిమెంటులో ఉంది. వేసవిలో రాత్రి పదకొండు దాటినా సీలింగు పెనంలా కాలుతోంది. అడిగితే 'వేశాం, టైల్స్ కింద ఉన్నాయి కాబట్టి కనపడవు' అంటున్నారు బిల్డరు. తవ్వి చూద్దామంటే అసోసియేషన్ ఒప్పుకోవడం లేదు. చట్టప్రకారం తనిఖీ ఎలా చేయించుకోవాలి?

జవాబు: 'ఇల్లు వేడెక్కుతోంది' అని ఫిర్యాదు చేస్తే 'హైదరాబాదు ఎండలకు మేమేం చేస్తాం' అని బిల్డరు తప్పించుకుంటారు. మీరు రుజువు చేయాల్సింది వేడిని కాదు. రాసిచ్చింది ఒకటి, వేసింది మరొకటి అని చూపాలి. తనిఖీ అంతా ఆ ఒక్క విషయం చుట్టూనే నడవాలి.

గడువు సంగతి ముందు. రెరా చట్టం సెక్షన్ 14(3) ప్రకారం, ఫ్లాట్ అప్పగించిన నాటి నుంచి ఐదేళ్లలోపు లోపాన్ని బిల్డరు దృష్టికి తీసుకువెళితే, 30 రోజుల్లో పైసా అదనంగా తీసుకోకుండా సరిచేయాలి. మీకు 2027 ఆగస్టు దాకా సమయం ఉంది. ఆలోగా బిల్డరుకు నోటీసు అందాలి. తనిఖీ పూర్తికావాలని చట్టం అనలేదు. కాబట్టి తనిఖీ కోసం ఆగకుండా, అగ్రిమెంటులోని ఆ వాక్యాన్ని యథాతథంగా ఉటంకిస్తూ ఈ వారంలోనే స్పీడ్ పోస్టులోనూ మెయిల్‌లోనూ నోటీసు పంపండి. 'ఇది నిర్మాణ లోపం కాదు' అన్న జవాబు తప్పకుండా వస్తుంది. ఆ సెక్షన్‌లో పనితనం, నాణ్యత లోపాలతోపాటు అగ్రిమెంటు ప్రకారం బిల్డరు నెరవేర్చాల్సిన ఇతర బాధ్యతలు కూడా ఉన్నాయి. శ్లాబు కూలనక్కరలేదు.

ఇక తనిఖీ. చాలామంది థర్మల్ కెమెరా ఫొటోలు తీయించి పని అయిపోయిందనుకుంటారు. షీట్ల మధ్య ఖాళీలున్నా, కొన్నిచోట్ల వేయకుండా వదిలేసినా, తడిసి పాడైనా ఆ మేరకు సీలింగు మీద వేడి మచ్చలు కెమెరాకు చిక్కుతాయి. అసలేమీ వేయకపోతే మాత్రం సీలింగంతా ఒకే రంగులో కనిపిస్తుంది, ఫొటో ఏమీ చెప్పదు! మందం ఎంతో కూడా తెలియదు. అయినా తీయించండి, ఎక్కడ తవ్వాలో నిర్ణయించడానికి పనికొస్తుంది. ఎండ వేడి శ్లాబు దాటి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి సీలింగును సాయంత్రం తీయాలి. ఆ రోజు ఉదయం నుంచి ఏసీ వేయకూడదు, అంతకుముందు రెండు రోజులు వాన పడి ఉండకూడదు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ సర్టిఫికెట్ ఉన్న ఎనర్జీ ఆడిటరు చేత తీయిస్తే మంచిది. డిజిటల్ ఫొటోలను సాక్ష్యంగా చూపడానికి కావాల్సిన ధ్రువపత్రం భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63(4) కింద అప్పుడే తీసుకోండి. ఆర్నెల్ల తర్వాత ఆ కెమెరా, ఆ ఫైలు వెతుక్కోవడం నరకం.

అసలు రుజువు తవ్వకంలోనే ఉంది, చిక్కూ అక్కడే. డాబా మీ సొత్తు కాదు. రెరా నిర్వచనంలో ఉమ్మడి స్థలం. అసోసియేషన్ రాతపూర్వక అనుమతి లేకుండా గునపం పడితే 'వాటర్‌ప్రూఫింగ్ పాడుచేసింది మీరే' అన్న ఎదురు వాదనను మీరే అందించినట్టు. అసోసియేషన్‌కు ఒక హామీ పత్రం ఇవ్వండి: అడుగు వెడల్పు, అడుగు పొడవున మూడు నాలుగు చోట్ల మాత్రమే తెరుస్తాం, అదే రోజు వాటర్‌ప్రూఫింగ్‌తో సహా మూసేస్తాం, ఖర్చు మాది. తెరిచే చోట్లలో ఒకటి పిట్టగోడ దగ్గర, ఒకటి డాబా మధ్యలో ఉండాలి. అంచుల్లో నాలుగు షీట్లు పరిచి నడిమి భాగం వదిలేసి ఉండవచ్చు.

బిల్డరుకు కనీసం వారం ముందు తేదీ, సమయం తెలిపి, ఆయన ఇంజనీరును పంపమని రాయండి. రాకపోతే రాలేదని పంచనామాలో నమోదు చేయండి. ఒక పక్షం ఒంటరిగా చేయించుకున్న నివేదికకు విలువ తక్కువ; పిలిచినా రాలేదంటే అదే నివేదికకు బలం. టైలు, బెడ్డు (టైలు కింది సిమెంటు పరుపు), షీటు, వాటర్‌ప్రూఫింగ్ పొర, శ్లాబు వరుసగా స్కేలు పెట్టి ఫొటో తీయాలి. షీటు ముక్కను సీలు చేసి, హాజరైనవారి సంతకాలతో ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపండి. ఉష్ణవాహకత పరీక్షను భారతీయ ప్రమాణం ఐఎస్ 3346 పద్ధతిలో అడగండి.

ఒక హెచ్చరిక. ఇంజనీరు నివేదికలో 'ఎకో నివాస్ సంహిత ప్రకారం పైకప్పు యూ విలువ 1.2కు మించకూడదు' అన్న కొలమానం వాడవచ్చు. ఈ సంహిత నివాస భవనాల ఇంధన పొదుపు నియమావళి; యూ విలువ అంటే పైకప్పు గుండా వేడి ఎంత సులువుగా దిగుతుందో చెప్పే కొలత, తక్కువైతే మేలు. ఇన్సులేషన్ లేని ఆరంగుళాల శ్లాబు విలువ సుమారు 3.5 కాబట్టి, ఏమీ వేయకపోతే ఆ కొలత మీకు పనికొస్తుంది. 50కి బదులు 25 మిల్లీమీటర్ల షీటు వేసి ఉంటే విలువ దాదాపు 0.9 వస్తుంది. సంహిత లెక్కలో బిల్డరు నెగ్గినట్టే, అగ్రిమెంటు లెక్కలో ఓడినట్టు. అందుకే నివేదికలో మొదటి వాక్యం అగ్రిమెంటుతో పోలికే కావాలి.

అసోసియేషన్ అప్పటికీ కదలకపోతే, బిల్డరుకు నోటీసు అంది 30 రోజులు గడిచాక తెలంగాణ రెరాలో ఫారం ఎం కింద ఫిర్యాదు వేసి, స్థల తనిఖీకి ఆదేశించమని కోరండి. నష్టపరిహారం మాత్రం రెరాలోనే పరిహారం తేల్చే అడ్జుడికేటింగ్ అధికారి పరిధి, దానికి ఫారం ఎన్. 2021లో న్యూటెక్ కేసులో సుప్రీంకోర్టు ఈ విభజనను స్పష్టం చేసింది. రెండూ కలిపి ఒకే దరఖాస్తులో వేస్తే నెలలు వృథా. తనిఖీ, ల్యాబు బిల్లులు దాచుకోండి, పరిహారంలో అడగవచ్చు. వినియోగదారుల కమిషన్ దారీ ఉంది కానీ, పనిని సరిచేయించడానికి మీ కేసులో రెరాయే మేలు.

ఈలోగా బిల్డరు తెల్ల కూల్ పెయింట్ వేస్తామని రావచ్చు. అది ఎండను తిప్పికొడుతుందే తప్ప షీటుకు బదులు కాదు. వేయించుకోండి, ముందు థర్మల్ ఫొటోలు పూర్తిచేసి. 'సమస్య పరిష్కారమైంది' అన్న కాగితం మీద మాత్రం సంతకం చేయకండి. 'నా హక్కులకు భంగం లేకుండా' అని రాసి, ఆ మాట ఉన్న ప్రతిని మీ దగ్గర ఉంచుకోండి.