నా విమానం కనోపీ (సీట్ల మీది పారదర్శక మూత) అంచు నుంచి పరికరాల ప్యానెల్ వెనక్కి నీళ్లు దిగుతున్నాయి, ఎలక్ట్రానిక్స్ పెట్టెలన్నిటికీ సిలికాన్ పూసేయనా?

పూయకండి. మీరు చెప్పినదాన్ని బట్టి సొంతంగా కట్టుకున్న రెండు సీట్ల విమానం, కనోపీ ముందువైపు కీళ్ల మీద పైకి లేచే రకం, వాన పడ్డాక ప్యానెల్ వెనక తడి, రేడియో ఒకసారి పలుకుతోంది, ఒకసారి లేదు. నాదీ అదే తరహా, తోక చక్రం మీద నిలబడేది. కొన్నేళ్లుగా దీనితో కుస్తీ పడుతున్నవాడిగా నా సలహా ఇదీ: నీళ్లు ఎలాగూ వస్తాయి, అవి ఎలక్ట్రానిక్స్‌ని తాకకుండా పోయే దారి మీరే చూపించాలి.

పెట్టెను బిగించి మూసేస్తే ఏమవుతుందో చూడండి. 10,000 అడుగుల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో సుమారు 70 శాతమే. మనం ఎంత బాగా మూసినా ఎక్కడో సన్నటి సందు మిగులుతుంది. ఎక్కేటప్పుడు లోపలి గాలి దాంట్లోంచి బయటికి పోతుంది, దిగేటప్పుడు తేమగాలి లోపలికి వస్తుంది. రాత్రి చల్లబడగానే ఆ తేమ చుక్కలు కడుతుంది, ఇక బయటికి పోదు. పైగా వేడి కూడా లోపలే ఉండిపోతుంది. వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ అయితే మరీ నష్టం: ఆరేటప్పుడు అది వదిలే ఎసిటిక్ ఆమ్లం రాగిని తినేస్తుంది. ఎక్కడైనా వాడక తప్పదంటే న్యూట్రల్ క్యూర్ (ఆరేటప్పుడు ఆమ్లం వదలని) రకమే వాడండి.

ముందు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో పట్టుకోండి. బ్యాటరీ తీసేసి, ప్యానెల్ వెనక టిష్యూ కాగితాలు పరిచి, ఒకరు టార్చితో లోపల దూరాలి. ఇంకొకరు బయట పైపుతో సన్నటి ధార కింది అంచు నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి జరుపుతూ పోవాలి. చుక్క పడేచోటే చిల్లి ఉందనుకోకండి. నా విమానంలో చుక్కలు సరిగ్గా రేడియో మీద పడేవి, నీళ్లు దూరింది మాత్రం జానెడు దూరంలో, కనోపీ కీలు తిరిగే సందులోంచి. అక్కణ్ణుంచి రిబ్ (లోపలి అడ్డపట్టీ) అంచు పట్టుకుని జారుతూ వచ్చి, ఒక రివెట్ తల దగ్గర ఆగి, బరువెక్కాక రాలేవి. కీలు సందు పూర్తిగా మూస్తే కనోపీ లేవదు. అందుకే దాని కిందే సన్నటి అల్యూమినియం కాలువ పెట్టి, ట్యూబుతో నీళ్లు బయటికి వదిలాను. రేడియో, డిస్‌ప్లేల పైన వాలుగా ఒక రేకు కూడా ఉంది, గాలి ఆడేలా కొంచెం ఎడం వదిలి.

తోక చక్రం విమానాల్లో ఇంకో తిరకాసు ఉంది. నిలబెట్టినప్పుడు ముక్కు పైకి ఉంటుంది కాబట్టి నీళ్లు వెనక్కి పారి తోకలో చేరతాయి. మాగ్నెటోమీటర్ (దిక్కు పసిగట్టే సెన్సర్), ఈఎల్‌టీ (విమానం కూలితే సిగ్నల్ పంపే పరికరం) చాలామంది అక్కడే పెడతారు. ఎగిరేటప్పుడు పల్లం మారిపోతుంది. నీళ్లు పోయే రంధ్రాలు రెండు స్థితుల్లోనూ పల్లం ఎక్కడో చూసుకుని, డ్రాయింగులు ఒప్పుకునే చోటే వేయండి.

వైర్లన్నీ కనెక్టర్‌కి చేరేముందు కిందికి ఒక వంపు తిరగాలి, చుక్క ఆ వంపు అడుగునే రాలిపోతుంది. కనెక్టర్ నోరు పైకి చూడకూడదు. ఫ్యూజ్ బ్లాక్ నిలువుగా బిగించండి. పోగుల వైరులో నీరు ఇన్సులేషన్ లోపల కేశాకర్షణతో పాకుతుంది కాబట్టి, తడికి అందే చివర్లకు లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వేయాలి. కన్ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా బోర్డు మీద వేసే పలచటి పూత) మీరు సొంతంగా చేసిన బోర్డులకు సరే, కనెక్టర్ పిన్నులకూ ప్రెజర్ సెన్సర్ రంధ్రాలకూ అంటకూడదు.

పిటో, స్టాటిక్ గొట్టాల్లో (వేగం, ఎత్తు కొలవడానికి బయటి గాలి ఒత్తిడిని తెచ్చేవి) తడి ఇంకా ప్రమాదం. 2008లో గ్వామ్‌లో బీ-2 బాంబర్ టేకాఫ్‌లోనే కూలింది, సెన్సర్లలో తేమ ఉండగా క్యాలిబ్రేట్ చేయడమే కారణం. కాబట్టి వాన వెలిసిన వెంటనే ఎయిర్ డేటా (వేగం, ఎత్తు లెక్కల) సెట్టింగుల జోలికి వెళ్లకండి, ముందు గొట్టాల డ్రెయిన్ చూడండి. స్టాటిక్ పోర్టులకు టేపు అంటించే అలవాటుంటే మానేయండి. 1996లో ఏరోపెరూ 603 ప్రమాదంలో 70 మంది పోయింది కడిగినప్పుడు అంటించిన టేపు తీయకపోవడం వల్లే. రంగు రిబ్బను వేలాడే కవరు వాడండి.

తడిసిందని తెలిస్తే 'పనిచేస్తుందేమో' అని మాస్టర్ స్విచ్ వేయకండి. తడిలో డీసీ కరెంటు పారితే పాజిటివ్ పిన్ను చూస్తుండగానే పచ్చబడుతుంది. పెట్టె ఊడదీసి, ఫ్యాను గాలికి బాగా ఆరనివ్వండి. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక మీ రేడియో. నాకైతే పెట్టె మీద కంటే యాంటెన్నా కేబుల్ మీదే అనుమానం. యాంటెన్నా అడుగున కనెక్టర్ విప్పి చూడండి. కేబుల్ లోపలి లోహపు అల్లిక నల్లబడి ఉంటే నీళ్లు కేబుల్ లోపలికి పాకినట్టే, ఆరబెట్టినా లాభం ఉండదు. ఆ కేబుల్ మొత్తం మార్చి ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి సిగ్నల్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె) కొలవండి, రేడియోని రిపేరుకు పంపడం తర్వాత చూద్దాం.