అచ్చు సందేహాలు: వెన్ను కొలిచాకే అట్ట

ప్రశ్న: నమస్కారమండీ. తెలుగు శాఖలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ‘రాయలసీమ స్త్రీల శ్రమగీతాలు – వస్తు విశ్లేషణ’ నా అంశం. 312 పేజీల సిద్ధాంత గ్రంథాన్ని లేటెక్‌లో (ఆదేశాలు రాసి పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) నేనే కూర్చుకున్నాను. కాగితానికి రెండు వైపులా అచ్చు. అట్ట దగ్గర ఆగిపోయాను. డీటీపీ సెంటర్‌లో అడిగితే పేరు మళ్లీ అను ఫాంట్లలో కొట్టి పేజీమేకర్‌లో చేయాలంటున్నారు. లేటెక్‌లో అట్ట రాదా?
– ఒక పరిశోధక విద్యార్థిని, తిరుపతి

జవాబు: నిక్షేపంగా వస్తుందమ్మా. మళ్లీ మాత్రం కొట్టించకండి. మీ గ్రంథం యూనికోడ్‌లో ఉంది, అను ఫాంట్లలో అక్షరాల సంకేతాలు వేరు, ఒకటి రెండోదానికి నేరుగా అతకదు. కొత్తగా కొట్టేటప్పుడు ఒక తప్పు దొర్లిందంటే అది ఎక్కడో లోపలి పేజీలో కాదు, అందరి కళ్లూ పడే అట్ట మీద. పీడీఎఫ్ చేతికిస్తే ప్రెస్సువాళ్లు కాదనరు.

ముందు స్కేలు తీయండి, కంప్యూటర్ సంగతి తరవాత. వెనక అట్ట, వెన్ను, ముందు అట్ట ఎడమ నుంచి కుడికి ఈ వరసలో ఒకే కాగితం మీద అచ్చవుతాయి. ఆ కాగితం ఎంత వెడల్పుండాలో తేల్చేది వెన్ను, అంటే పుస్తకాన్ని అరలో నిలబెడితే మనకు కనిపించే సన్నటి పక్క. మీవి 312 పేజీలంటే 156 కాగితాలు. 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే) కాగితం మందం దాదాపు 0.1 మి.మీ. ఉంటుంది కాబట్టి 15.6 మి.మీ. అయింది. అట్ట మందం కూడా కలుపుకుని 16 అనుకుందాం. ఇది కాగితం మీది లెక్క. కాగితాన్ని బట్టి మందం మారుతుంది కనుక, మీ గ్రంథం అచ్చయ్యే రకంలోనే 156 కాగితాలు తెప్పించుకుని, గట్టిగా అదిమి కొలవండి. వచ్చిన అంకెనే నమ్మండి.

మీది ఏ4 అనుకుంటే ఇప్పుడు వెనక అట్ట, వెన్ను, ముందు అట్ట వెడల్పు 210, 16, 210 కలిపి 436 మి.మీ., ఎత్తు 297. కోతలో అంచున తెల్లగీత మిగలకుండా చుట్టూ 3 మి.మీ. రంగు బయటికి వదలాలి. దాన్నే బ్లీడ్ అంటారు. మొత్తం 442 × 303 మి.మీ. తేలింది. ఏ3 కాగితం 420 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఏ3 ప్రింటరున్న జిరాక్సు షాపుకు వెళ్లి లాభం లేదు. 12 × 18 అంగుళాల షీటులో ఇరుక్కుని పడుతుంది కానీ కటింగ్ గుర్తులకు చోటుండదు. 13 × 19 షీటు వేసే డిజిటల్ ప్రెస్సు చూసుకోండి. కుట్టాక బైండరు మూడు వైపులా కోస్తాడు, అప్పుడు ఏ4 కాస్తా తగ్గుతుంది. ఎంత కోస్తాడో ముందే అడిగి, ఆ మేరకు కొలతలు తగ్గించండి.

అట్టకు వేరే ఫైలు పెట్టుకోండి. గ్రంథం ఫైలులో ఇరికించకండి. లేటెక్‌లో బుక్‌కవర్ అనే క్లాసు (సిద్ధంగా ఉన్న నమూనా) ఉంది. అట్ట వెడల్పు, ఎత్తు, వెన్ను, బ్లీడ్ అంకెలు ఇస్తే చట్రం అదే గీసిస్తుంది. లేదంటే లేటెక్‌కు జోడించే జియోమెట్రీ ప్యాకేజీతో పేజీ కొలత చెప్పి, బొమ్మలు గీసే టిక్‌జీ ప్యాకేజీతో పేజీ అంచుల నుంచి కొలిచి పెట్టుకోవచ్చు. ఈ రెండో పద్ధతిలో ఫైలును రెండుసార్లు నడపాలి, మొదటిసారికి బొమ్మలు చోటు తప్పి కనిపిస్తాయి. వెన్ను వెడల్పు ఫైలు మొదట్లో ఒక్కచోటే రాసుకోండి. గైడుగారు చివరి నిమిషంలో ఇంకో అధ్యాయం రాయమన్నా ఆ ఒక్క అంకె మారిస్తే సరిపోతుంది.

అసలు కష్టం ఒత్తులతో. యూనికోడ్ తెలుగును చదవగల జీలేటెక్‌తో ఫైలును నడుపుతూ, ఫాంటు చెప్పే చోట లిపి తెలుగు అని విడిగా చెప్పాలి. చెప్పకపోతే ‘స్త్రీ’ ముక్కలైపోతుంది. దాని బదులు లువాలేటెక్ అయితే అక్షరాలకు ఒత్తులు అతికించే హార్ఫ్‌బజ్‌ను కూడా పిలవాలి. ఇంతవరకూ లోపలి పేజీలకు మీరు చేసే ఉంటారు. అట్ట మీద తేడా ఏమిటంటే అక్షరం పెద్దది. మీ శీర్షికను ‘రాయలసీమ స్త్రీల’ అని ఒక వరస, ‘శ్రమగీతాలు’ అని రెండో వరస విరవండి. 28 పాయింట్ల అక్షరానికి ఇంగ్లిషు అలవాటున 34 పాయింట్ల ఎడం ఇచ్చారనుకోండి. పై వరసలో ‘స్త్రీ’ కింద వేలాడే తావత్తు, క్రారవడి వచ్చి కింద ‘గీ’ గుడిదీర్ఘం నెత్తిన కూర్చుంటాయి. 44 దాకా ఇచ్చి చూడండి. ‘వస్తు విశ్లేషణ’ను చిన్న అక్షరాల్లో కిందికి దించండి, అదే వరసలో కుక్కితే శీర్షికకు ఊపిరాడదు.

వెన్ను మీద అక్షరాలు పై నుంచి కిందికి నడవాలి. పుస్తకాన్ని ముఖం పైకి పెట్టి బల్ల మీద పడుకోబెడితే అప్పుడు నేరుగా చదవవచ్చు. మడత ఒక మి.మీ. అటూఇటూ జరగడం మామూలే కాబట్టి రెండు పక్కలా కనీసం 2 మి.మీ. వదిలేయండి. మిగిలిన చోటులో పైన గుడి, కింద ఒత్తు పట్టాలంటే 15 పాయింట్లకు మించి ఆశపడకండి. మీ పేరు, శీర్షిక, సంవత్సరం మూడింటినీ దేనికది నడిమధ్య పెడితే ఒత్తులున్న మాట ఒక పక్కకు, లేని మాట ఇంకో పక్కకు జరిగి వంకరగా కనిపిస్తుంది. టిక్‌జీలో మూడింటికీ బేస్ యాంకర్ (అక్షరాల పాదం దగ్గర ఆనించే గుర్తు) ఇచ్చి ఒకే గీత మీద నిలబెట్టండి.

ఇదంతా రంగుల అట్టకు. మీ విశ్వవిద్యాలయం రెక్సిన్ మీద బంగారు అక్షరాలే కావాలంటే ఒక్క నలుపులో పీడీఎఫ్ ఇవ్వండి, బైండరు దానితో బ్లాకు (అచ్చు దిమ్మ) చేయించుకుంటాడు. సన్నగీతల ఫాంటు వద్దు. బంగారు రేకు (ఫాయిల్) అద్దేటప్పుడు సన్నగీతలు ఎగిరిపోతాయి, ‘ఠ’లో చుక్క పూడిపోతుంది.

ప్రశ్న: నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇక్కడ సిద్ధాంత గ్రంథాన్ని 17 × 24 సెం.మీ. పుస్తకంగా అచ్చువేయించుకుంటాం. అట్ట నిండా మా అమ్మమ్మగారి పెడన కలంకారీ చీర ఫొటో పెట్టాలని ఉంది. ఫోనుతో తీసిన ఫొటో పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, డెల్ఫ్ట్

జవాబు: భేషుగ్గా. వెన్ను 10 మి.మీ. అనుకుంటే మీ మొత్తం అట్ట 356 × 246 మి.మీ. అంగుళానికి 300 చుక్కల చొప్పున 4,200 × 2,900 పిక్సెళ్లు కావాలి. ఫోనులో 12 మెగాపిక్సెల్ ఫొటో 4,000 × 3,000 వస్తుంది, ఆ కొరతను చీర ముడతలు కప్పేస్తాయి. ఇంటివాళ్లు పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా ఫైలుగా పంపమనండి, లేకపోతే సగం పిక్సెళ్లు దారిలోనే పోతాయి.

తెర మీద కనిపించే ఎరుపు అచ్చులో కాస్త మందగిస్తుంది. లేటెక్ ఫొటో రంగుల జోలికి పోదు, ఎలా ఇస్తే అలా పెట్టేస్తుంది. సీఎంవైకేలోకి (అచ్చులో వాడే నాలుగు సిరాల రంగుల్లోకి) మార్పిడి ప్రెస్సుకే వదిలి, ఒక రంగు ప్రూఫు (నమూనా అచ్చు) అడగండి. పువ్వుల మీద నేరుగా అక్షరాలు పెడితే ఎవరూ చదవలేరు. చీర అంచు రంగులో ఒక సాదా పట్టీ వేసి, పేరు దాని మీద పెట్టండి.

ప్రశ్న: మా అట్ట మీద నల్ల అక్షరాల చుట్టూ సన్నగా ఎర్రనీడ వచ్చింది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆ నలుపును నాలుగు రంగులు కలిపి అచ్చువేశారు, ఒక రంగు వెంట్రుకవాసి పక్కకు జరిగింది. లేటెక్‌లో రంగులు చూసే ఎక్స్‌కలర్ ప్యాకేజీకి సీఎంవైకే అని చెప్పి, అక్షరాలకు నలుపు సిరా ఒక్కటే నూటికి నూరు ఇవ్వండి. మిగతా మూడూ సున్నా.