నాలుగు వేళ్ల మట్టం: సముద్రపు చమురు బావులపై మీ ప్రశ్నలు

(ఈ నెల జవాబులు చెబుతున్నవారు సముద్రపు రిగ్గుల మీద 26 ఏళ్లు పనిచేసి, బావి నియంత్రణ శిక్షకుడిగా రిటైరైన ఇంజనీరు.)

ప్రశ్న: మా అబ్బాయికి సముద్రంలో రిగ్గు మీద ఉద్యోగం వచ్చింది. పాత ప్రమాదాల గురించి చదివినప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. "అన్నీ మిషన్లే చూసుకుంటాయమ్మా, ఊరికే కంగారు పడకు" అంటాడు. నిజంగా మిషన్లే చూసుకుంటాయా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీవాడు చెప్పింది సగం నిజం. మిషన్లు చూస్తాయి, గంట కూడా కొడతాయి. ఆ గంట విని కదలాల్సింది మాత్రం మనిషే.

నా సంగతే చెబుతాను. చేరిన మొదటి ఏడాది నన్ను మడ్ ట్యాంకుల దగ్గర పెట్టారు. బావి తవ్వేటప్పుడు మడ్ అనే బరువైన ద్రవాన్ని పైపులోంచి కిందికి పంపుతారు. అది బిట్, అంటే రాతిని తొలిచే మొన దగ్గర బయటపడి, పైపు చుట్టూ ఉన్న ఖాళీలోంచి మళ్లీ పైకి వస్తుంది. రాతిపొరల్లోని గ్యాసునీ చమురునీ అక్కడే అణిచి ఉంచేది ఆ మడ్ బరువే. ఎంత పంపితే అంతే తిరిగి రావాలి. ఎక్కువ వచ్చిందంటే కింద ఏదో బావిలోకి దూరి దీన్ని నెట్టుకొస్తోందని లెక్క. దాన్ని కిక్ అంటాం. ఎవరూ పట్టించుకోని కిక్కే బ్లోఅవుట్ అవుతుంది, అంటే బావి అదుపు తప్పి పైకి చిమ్ముతుంది.

ఒక రాత్రి రెండున్నరకి ట్యాంకులో మట్టం నాలుగు వేళ్లు పైకి కనిపించింది. అలారం మోగలేదు, దాని హద్దు అంతకంటే పైన పెట్టారు మరి. ఎవరో పక్క ట్యాంకులోంచి మళ్లించి ఉంటారులే అనుకున్నాను. తవ్వకం నడిపే డ్రిల్లరేమో మా నాన్న వయసు మనిషి, నోరు మంచిది కాదు. తీరా ఏమీ లేదని తేలితే షిఫ్టంతా నన్ను చూసి నవ్వుతుంది. టార్చి పట్టుకుని ఆ గీత వంకే చూస్తూ ఐదు నిమిషాలు నిలబడిపోయాను. చివరికి ఫోన్ తీసి చెప్పాను. ఆయన మారు మాట్లాడకుండా పంపులు ఆపించాడు. పంపులు ఆగినా మడ్ వస్తూనే ఉంది. వెంటనే బావి మూసేశారు. దూరిన గ్యాసుని నెమ్మదిగా బయటికి వదిలి, మడ్ బరువు పెంచి, బావిని దారికి తెచ్చేసరికి సాయంత్రమైంది. పొద్దున నేను షిఫ్టు దిగబోతుంటే ఆ డ్రిల్లర్ రిపోర్టు పుస్తకం నా ముందు పెట్టి, "ఎప్పుడు చూశావో రాయి. ఎప్పుడు చెప్పావో కూడా రాయి" అన్నాడు. 2.30, 2.35 అని నా చేత్తోనే రాశాను. తిట్టినా బాగుండేది.

కాబట్టి మీవాడిని మిషన్ల గురించి అడక్కండి. "నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు పని ఆపమంటే మీ రిగ్గు మీద ఆపుతారా? తీరా అనవసరంగా ఆపాడని తేలితే వాణ్ని ఏమంటారు?" అని అడగండి. ఆ రెండోదానికి తడుముకోకుండా "ఏమీ అనరు" అన్నాడా, హాయిగా పడుకోండి.

ప్రశ్న: నేను లా చదువుతున్నాను. ఇలాంటి పనుల భద్రతకి రెండు రకాల చట్టాలు ఉంటాయట. ప్రతిదీ ఎలా చేయాలో అంకెలతో సహా రాసిపెట్టేది ఒకటి. "భద్రంగా చేయగలనని నువ్వే రుజువు చెయ్" అనేది రెండోది. మీ అనుభవంలో ఏది పనిచేస్తుంది?
– విద్యార్థిని

జవాబు: ముందు ఆ రెండోదాని పుట్టుక చెప్పాలి తల్లీ.

1988 జూలై 6. ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే ప్లాట్‌ఫారం. గ్యాసులోంచి దిగే తేలిక చమురు, అంటే కండెన్సేట్‌ని నెట్టే పంపులు రెండున్నాయి. పగటి షిఫ్టువాళ్లు మొదటి పంపు తాలూకు సేఫ్టీ వాల్వు విప్పి, ఆ కంతకి ఒక ఇనుప బిళ్ల అడ్డం పెట్టి వదిలేశారు. అది గట్టిగా బిగించింది కాదు. పంపు మరమ్మతుకి ఒక పర్మిట్, వాల్వుకి వేరే పర్మిట్. రాత్రి పదింటికి కాస్త ముందు రెండో పంపు ఆగిపోయింది. రాత్రివాళ్లకి పంపు పర్మిట్ దొరికింది, వాల్వు పర్మిట్ సంగతే తెలియలేదు. మొదటి పంపు నడిపారు. పదింటికి పేలింది. మంటలార్పే నీటి పంపులు వాటంతటవి మొదలయ్యేలా లేవు, నీళ్లలో దిగిన డైవర్లని లోపలికి లాగేస్తాయని చేతి స్విచ్చు మీద ఉంచారు. ఆ స్విచ్చు దాకా ఎవరూ చేరలేకపోయారు. ఆ పైపులైనుకే కలిసిన పక్క ప్లాట్‌ఫారాలు మంట కళ్లకి కనిపిస్తున్నా చమురూ గ్యాసూ పంపడం వెంటనే ఆపలేదు. చచ్చిపోయినవాళ్లు 167 మంది. ప్లాట్‌ఫారం మీది నుంచి 61 మందే ప్రాణాలతో బయటపడ్డారు.

గమనించావా, పర్మిట్ పద్ధతి కాయితం మీద భేషుగ్గా ఉంది. అంతకు ముందు నెలలోనే ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి వెళ్లాడు కూడా. ఆ తనిఖీలు పైపైన జరిగాయని విచారణ జరిపిన లార్డ్ కల్లెన్ తేల్చారు. 1990లో ఆయన చేసిన 106 సిఫార్సుల్లోంచే నువ్వడిగిన రెండో రకం పద్ధతి సముద్రపు పనుల్లోకి వచ్చింది. దాన్ని సేఫ్టీ కేసు అంటారు. ఇక్కడ ఏమేం జరగొచ్చో, జరిగితే ఏం చేస్తావో నడిపేవాడే రాసివ్వాలి, నియంత్రణ సంస్థ ఒప్పుకుంటే తప్ప నడపకూడదు. చాలామంది మర్చిపోయే సిఫార్సు ఇంకొకటుంది. భద్రత చూసే పనిని బ్రిటన్ ఇంధన శాఖ నుంచి తీసేసి, చమురుతో లాభనష్టాలు లేని వేరే సంస్థకి అప్పగించారు.

ఇక నా అనుభవం. ఒకచోట సేఫ్టీ కేసు రాసే బృందంలో నేనూ ఉన్నాను. ఆరు సంపుటాలు. రిగ్గు మీదికి పంపిన కాపీ ఒక అల్మారాలో ఉండేది, దాని తాళంచెవి ఒడ్డున ఆఫీసులో ఉండేది. ఇది నవ్వుకోవడానికి చెప్పడం లేదు, ఏడాదిన్నర పాటు ఎవరికీ ఆ తాళంచెవి అవసరం పడలేదు. ఒడ్డున కూర్చుని రాసిన రుజువు అలాగే ఉంటుంది.

అలాగని మొదటి రకాన్ని నమ్ముకుంటే? 1969లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా దగ్గర బావికి కేసింగ్, అంటే లోపలి గోడకి వేసే ఉక్కు గొట్టం, ఇంత లోతు దాకా దించాలని రూలు ఉంది. కంపెనీ తక్కువ దించుతానంది, అధికారులు మినహాయింపు ఇచ్చేశారు. చమురు నేల పగుళ్లలోంచి తన్నుకొచ్చింది.

నా మటుకు నాకు కొన్నిటికి అంకెలు ఉండి తీరాలి: వాల్వు ఎన్ని రోజులకోసారి పరీక్షించాలి, సిమెంటు పరీక్షలో ఎంత ప్రెషర్ వస్తే పాస్ లాంటివి. వాటి దగ్గర వాదన పనికిరాదు. తక్కినదానికి సేఫ్టీ కేసు మంచిది, కాకపోతే దాన్ని రాసినవాడే రిగ్గు మీద పడుకోవాలి. ఈ రెండిటి కంటే ముందు చూడాల్సింది ఫైలు ఎవరి బల్ల మీదికి వెళుతోందని. అమెరికాలో 2010 దాకా బావుల రాయల్టీ వసూలు చేసే సంస్థే వాటి భద్రతా చూసేది. బ్రిటన్ 1988 చావుల తర్వాత నేర్చుకున్నది అమెరికాకి ఎక్కడానికి ఇంకో 22 ఏళ్లూ, 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలినప్పుడు పోయిన ఇంకో 11 ప్రాణాలూ పట్టాయి.

ప్రశ్న: ఆ 2010 ప్రమాదంలో సముద్రపు అడుగున పెద్ద వాల్వుల దొంతర ఉందట కదా, ఎందుకు మూసుకోలేదు?

జవాబు: అది బీవోపీ, అంటే బ్లోఅవుట్ ప్రివెంటర్. ఐదంతస్తుల మేడంత ఉంటుంది. అందులో పైపుని కోసి బావిని మూసే కత్తుల జత ఒకటి ఉంటుంది. డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు కింద మకాండో బావిలో ఒత్తిడికి పైపు వంగి ఓ పక్కకి జరిగిపోయింది. కత్తులు దాన్ని పూర్తిగా కోయలేకపోయాయి.

కాకపోతే బీవోపీ ఆఖరి తలుపు బాబూ. అందరూ దాని గురించే అడుగుతారు, నేను మాత్రం అదే రోజు, 2010 ఏప్రిల్ 20న, కొన్ని గంటల ముందు జరిగిన నెగటివ్ ప్రెషర్ టెస్టు దగ్గర ఆగిపోతాను. బావిలో బరువు తగ్గించి, బావి అడుగున పోసిన సిమెంటు నిలుస్తోందా లేదా చూసే పరీక్ష అది. గేజీలు సున్నా చూపించి అక్కడే ఉండాలి. కిల్ లైను, అంటే బావిలోకి వెళ్లే పక్క గొట్టం, దాని గేజీ సున్నా చూపించింది. డ్రిల్ పైపు గేజీ 1,400 పీఎస్ఐ చూపించింది. రెండూ వెళ్లేది ఒకే బావిలోకి! అక్కడున్నవాళ్లు 'బ్లాడర్ ఎఫెక్ట్' అని దానికో పేరు పెట్టి, సున్నా చూపించిన గేజీనే నమ్మారు. మనిషి మనసు తనకి కావలసిన గేజీనే చూస్తుంది, నా ఐదు నిమిషాల్లాగే. ఆ పరీక్ష చేయాలనిగానీ, ఎంత వస్తే ఫెయిల్ అనిగానీ ఆనాటి నిబంధనల్లో లేదు. ప్రమాదం తర్వాత చేర్చారు. అంకెలు ఉండి తీరాలన్నది ఇందుకే.

ప్రశ్న: వేటకి వెళ్లినప్పుడు ఒక్కోసారి నీటి మీద తెట్టులా రంగులు కనిపిస్తాయి. అది ఎంత చమురో చూసి చెప్పొచ్చా? పెద్దది ఒలికితే బూమ్‌లు, అంటే నీటి మీద తేలే అడ్డుకట్టలు, వేసి అంతా ఎత్తేస్తారని విన్నాను.
– ఒక మత్స్యకారుడు

జవాబు: చెప్పొచ్చు తమ్ముడూ, దానికి లెక్కుంది. వెండిలా పల్చటి మెరుపైతే చదరపు కిలోమీటరుకి 40 నుంచి 300 లీటర్లు, అంటే మహా అయితే డ్రమ్మున్నర. ఇంద్రధనుస్సు రంగులొస్తే 5,000 లీటర్ల దాకా ఉండొచ్చు. రంగులన్నీ పోయి నల్లగానో గోధుమరంగులోనో దళసరిగా ఉంటే లెక్క లక్షల్లోకి వెళుతుంది. చూసినప్పుడు టైమూ గాలి దిక్కూ రాసుకో. తెట్టు నీటి ప్రవాహంతో పాటు వెళుతూ, గాలి వేగంలో నూటికి మూడు వంతుల చొప్పున గాలివాటుకి జరుగుతుంది. దాన్ని బట్టి వెనక్కి లెక్కేస్తే ఎక్కణ్నుంచి వచ్చిందో దొరుకుతుంది.

అంతా ఎత్తేస్తారన్నది మాత్రం ఉత్తిమాట. బూమ్‌కి ఎదురుగా నీరు 0.7 నాట్లు దాటి పారితే, అంటే పసివాడి నడకంత వేగం ఉంటే చాలు, చమురు దాని కిందనుంచి జారిపోతుంది. మకాండోలో వందల పడవలు పెట్టినా బయటపడిన చమురులో స్కిమ్మర్లు, అంటే నీటి మీది చమురుని తోడే యంత్రాలు, తోడింది నూటికి మూడు వంతులు, తగలబెట్టింది ఐదు వంతులు. అసలు ఎంత కారుతోందో కూడా మొదట తెలియలేదు. రోజుకి 1,000 బ్యారెళ్లు అన్నారు, తర్వాత 5,000 అన్నారు. చివరికి సర్కారు తేల్చిన లెక్క ప్రకారం మొదటి రోజుల్లో కారింది రోజుకి 62,000. అలా 87 రోజులు కారింది. ఆ బావి తవ్వించిన బీపీ కంపెనీ సమర్పించిన చమురు ఒలుకు ప్రణాళికలో కాపాడాల్సిన జంతువుల జాబితాలో వాల్రస్‌లు ఉన్నాయి. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో వాల్రస్ ఎక్కడుంటుంది? ఏ మంచు సముద్రం కోసమో రాసింది తెచ్చి అతికించారు, దాన్ని ఎవరో ఆమోదించారు.

సన్నద్ధత అంటే నాకు గుర్తొచ్చేది ఒక మాక్ డ్రిల్. చమురుకి బదులు నాలుగు గంపల కమలాపండ్లు నీళ్లలో పోశాం. అవీ చమురులాగే సగం మునిగి తేలుతూ పోతాయి, పైగా ఎవరికీ హాని లేదు. మా బూమ్ ఒక పడవకి, సాయానికొచ్చిన ఇంకో కంపెనీ బూమ్ ఇంకో పడవకి. రెండూ మధ్యలో కలపాలి. తీరా చూస్తే వాళ్ల కప్లింగుకి గాడి అటుంది, మాదానికి ఇటుంది. రెండిటి కొసలూ తాడుతో కట్టాం. ఆ కట్టు సందులోంచి కమలాలు ఒకదాని వెనక ఒకటి, బడి వదిలిన పిల్లల్లా బయటికి పోతుంటే పడవ మీద నిలబడి చూశాను. రిపోర్టులో 'సంతృప్తికరం' అని వచ్చింది. కప్లింగు సంగతి రాయమని నేను పంపిన కాయితం ఏమైందో దేవుడికెరుక. ఆ డ్రిల్లుకి నియంత్రణ సంస్థ మనిషి ఒక్కడొచ్చినా అడాప్టర్లు నెల తిరక్కుండా వచ్చేవి.

మీ సంఘం తరఫున ఎవరినైనా అడిగే అవకాశం దొరికితే ప్రణాళిక పుస్తకం చూపించమనొద్దు. ముందు చెప్పకుండా ఒక రోజు డ్రిల్లు పెట్టి, మీ పడవల్ని కూడా పిలవమనండి. బావి మీద బిగించే క్యాపింగ్ స్టాక్ ఏ రేవులో ఉంది, దాన్ని ఎత్తే ఓడ ఏది, బావి దాకా ఎన్ని రోజులు అని అడగండి.

ప్రశ్న: చమురుని చిన్న బొట్లుగా విడగొట్టే డిస్పర్సెంట్ అనే మందు చల్లితే చమురు మాయమవుతుందా?

జవాబు: గిన్నె తోమితే జిడ్డు గిన్నెలోంచి పోతుంది, తూములోకి పోతుంది. అంతే. పక్షులకీ ఒడ్డుకీ మేలు, నీటి లోపల బతికేవాటికి కీడు. మకాండోలో దాదాపు 70 లక్షల లీటర్లు వాడారు, అందులో 29 లక్షల దాకా అడుగున బావి నోటి దగ్గరే. ఎక్కడ చల్లాలి, ఎంత లోతు నీళ్లలో చల్లకూడదు అన్నది ఒలికాక కూర్చుని తేల్చే విషయం కాదు.

ప్రశ్న: ఇవన్నీ వింటే అసలు తవ్వకాలే ఆపేస్తే పోదా అనిపిస్తుంది. మీరేమంటారు?

జవాబు: నా పెన్షన్ ఆ బావుల్లోంచే వస్తోంది, ఈ కేసులో నా సాక్ష్యం చెల్లదు. ఒక్కటి మాత్రం చెబుతాను. 2009లో ఆస్ట్రేలియాకి ఉత్తరాన టిమోర్ సముద్రంలో మాంటారా బావిని తాత్కాలికంగా మూసి, రిగ్గుని వేరే పనికి పంపారు. నెలల తర్వాత తిరిగొచ్చి చూస్తే వేయాల్సిన మూతల్లో ఒకటి వేయనేలేదు. కింద సిమెంటు కూడా సరిగ్గా నిలవలేదు. ఆగస్టు 21న చిమ్మిన బావి నవంబరు 3 దాకా ఆగలేదు. పక్కనుంచి ఇంకో బావి తవ్వి దాన్ని అందుకోవడానికి ఐదు ప్రయత్నాలు పట్టింది. తవ్వడం రేపే మానేసినా, ఇప్పటికే తవ్వినవాటికి మూతలు సరిగ్గా పడ్డాయో లేదో చూడటానికి ఒక ఇన్‌స్పెక్టర్ వెళ్లాల్సిందే, వెళ్లి చేత్తో పట్టుకుని చూడాల్సిందే.