మెత్తనా, నొప్పా, దాఖలా?

ప్రశ్న: అమ్మ కడుపునొప్పికి ఆసుపత్రిలో ఇచ్చిన కాగితంలో పొట్ట గురించి ‘సాఫ్ట్, నాన్ టెండర్’ అని రాశారు. టెండర్ అంటే మెత్తన అనే కదా చదువుకున్నాం! మెత్తగా ఉందనీ, లేదనీ ఒకే వరుసలో రాస్తారా? మున్సిపల్ టెండర్లకూ దీనికీ ఏమైనా సంబంధముందా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: ఆ వరుసలో పొరపాటేమీ లేదండీ. చేత్తో నొక్కినప్పుడు పొట్ట కండరాలు బిగుసుకోకపోతే ‘సాఫ్ట్’ అని రాస్తారు. నొక్కిన చోట నొప్పి లేకపోతే ‘నాన్ టెండర్’. రోగి తనంతట తాను చెప్పే నొప్పి ‘పెయిన్’, డాక్టరు నొక్కితే బయటపడేది ‘టెండర్‌నెస్’. అందుకే పెయిన్ ఉండి టెండర్‌నెస్ లేదని ఒకే కాగితంలో కనిపించవచ్చు. ‘రైట్ ఇలియాక్ ఫోసా టెండర్‌నెస్’ అని ఉంటే పొత్తికడుపు కుడివైపు నొక్కితే నొప్పి ఉందని. అపెండిసైటిస్ అనుమానం ఉన్నప్పుడు ముఖ్యంగా చూసేది అక్కడే. ఇలాంటి కాగితాన్ని ఫోన్‌లో మరో డాక్టరుకు చదివి వినిపించేటప్పుడు ‘నాన్’ వదిలేస్తే అర్థం తలకిందులవుతుంది. ఫొటో తీసి పంపడం మేలు.

ఈ మాటకు మూలం లాటిన్‌లోని ‘టెనెర్’, అంటే లేత, సుకుమారం. లేతది ఇట్టే కందుతుంది, కందిన చోట చెయ్యి తగిలితే నొప్పి. అలా ఒక అర్థంలోంచి మరొకటి పుట్టింది. కొబ్బరి బోండాం ‘టెండర్ కోకోనట్’ అయింది లేతదనంతోనే. మాంసం దగ్గర మాత్రం ‘లేత’ అని అనువదిస్తే తప్పవుతుంది. ముదురు మటన్ కూడా పచ్చి బొప్పాయి ముద్ద పట్టిస్తే టెండర్ అవుతుంది, అంటే ముక్క సులువుగా నమిలేలా మెత్తబడుతుంది. కిలోకు రెండు టేబుల్ స్పూన్లు చాలు. ఎక్కువైతే అందులోని పపైన్ మాంసకృత్తులను మరీ విడగొట్టేసి ముక్కను జావ చేస్తుంది.

మున్సిపల్ టెండర్ వేరే మాట. ‘టెన్‌డెరె’ అనే లాటిన్ క్రియ నుంచి వచ్చింది: చాచడం, చాచి అందించడం. మన ‘దాఖలు చేయడం’ దీనికి చక్కగా సరిపోతుంది. రాజీనామానూ క్షమాపణనూ ‘టెండర్’ చేసేది ఈ అర్థంలోనే. తెలుగులో టెండర్లు పిలుస్తాం, వేస్తాం. ఇంగ్లిష్ ఉత్తరంలో పిలిచేవారికి ‘ఇన్వైట్’, వేసేవారికి ‘సబ్మిట్’ వాడండి. ‘కాల్’ కూడా చెల్లుతుంది గానీ ‘పుట్’ మాత్రం రాయకండి.

‘లీగల్ టెండర్’ కూడా ఈ కుటుంబానిదే: బాకీ తీర్చడానికి అందిస్తే చట్టం ఒప్పుకునే డబ్బు. కొన్ని దుకాణాల్లో వద్దనే పది రూపాయల నాణెం లీగల్ టెండరే. పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలోనే ప్రకటించింది. అయితే 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, అంతకు పైబడిన నాణేలు ఒక చెల్లింపులో 1,000 రూపాయల వరకే లీగల్ టెండర్. రెండు వేల నోటును 2023 మేలో చెలామణి నుంచి ఉపసంహరించినా ‘లీగల్ టెండర్’గా కొనసాగుతుందని అప్పుడే చెప్పారు. 2016లో రద్దయిన ఐదువందల, వెయ్యి నోట్లకు పోయింది ఆ హోదాయే.

పత్రికల్లో ఫైర్ ఇంజన్‌ను ‘ఫైర్ టెండర్’ అని రాస్తారు. అది కనిపెట్టి చూసుకోవడం అనే ‘టెండ్’ నుంచి వచ్చింది. ఆవిరి ఇంజన్ వెనక బొగ్గూ నీళ్లూ మోసే పెట్టె పేరూ ‘టెండరే’. లాటిన్ దాకా వెళితే ఇది మున్సిపల్ టెండర్‌కు దూరపు చుట్టం.

ఇంకొక్కటి: టెండర్ పత్రాల్లో ‘టెండరర్’ అని కనిపిస్తే ‘మరింత మెత్తని’ అనుకోకండి, టెండరు వేసినవారు అని అర్థం.